అడుగున బురద, గట్టున జనం

(పట్టణ చరిత్రపై జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర సభికుల ప్రశ్నల్లో రెండు)

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి ‘పట్టణ పారిశ్రామిక కాలువల పునరుద్ధరణ – ప్రజల పాత్ర’ అని పేరు పెట్టారు. బరువైన పేరే. ‘ప్రజల పాత్ర’ అనగానే చాలామందికి ఒక ఫొటో గుర్తొస్తుంది. ఒకే రంగు టీషర్టులు, చేతులకు గ్లవ్స్, నల్ల సంచులు, మధ్యలో పార పట్టుకున్న ముఖ్య అతిథి. ఆ పారకు మట్టి అంటిందా లేదా అని నేనడగను. (నవ్వులు)

ఆ ఫొటోను తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. ఒకచోట సరిగ్గా అలాంటి పనే ఒక కాలువ ప్రాణం నిలబెట్టింది, ఆ కథ చెబుతాను. ఇంకోచోట జనం ఆ నీటిలో చెయ్యి పెట్టడమే ప్రమాదం. అక్కడ జనం చెయ్యాల్సిన పని వేరే ఉంది, అది ఫొటోకి అందేది కాదు. నేనివాళ చెప్పదలుచుకున్నది ఇంతే: కాలువ అడుగున ఏముందో ముందు తెలియాలి. దాన్నిబట్టే గట్టు మీది జనం ఏం చెయ్యాలన్నది తేలుతుంది. ఎక్కడైనా ఒకే మందు పనిచేస్తుందనుకుంటే ఏళ్లు వృథా.

కొంచెం నేపథ్యం, త్వరగా. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోనూ ఉత్తర అమెరికాలోనూ పట్టణాల్లో తవ్విన ఈ కాలువలు సాగునీటి కోసం కాదు. బొగ్గు, రాయి, ఇటుక, నూలు, ధాన్యం మోయడానికి. బండికి కట్టిన గుర్రం లాగగలిగే బరువుకు ఎన్నో రెట్లు బరువును అదే గుర్రం నీటి మీద పడవలో లాగేస్తుంది. అందుకే ఫ్యాక్టరీలన్నీ కాలువ ఒడ్డునే లేచాయి. సరుకు దిగేది అక్కడే, చెత్త వదిలేదీ అక్కడికే. తర్వాత రైలొచ్చింది, లారీ వచ్చింది. సరుకు దారి మార్చుకుంది, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వాళ్లు వదిలింది మాత్రం కాలువలోనే ఉండిపోయింది.

ముందు ఇంగ్లండు. మాంచెస్టర్ నుంచి ఆష్టన్-అండర్-లైన్ అనే ఊరికి ఒక కాలువ ఉంది, ఆష్టన్ కాలువ అంటారు. పొడవు సుమారు పది కిలోమీటర్లు, పద్దెనిమిది లాకులు, అంటే నీటిమట్టం మారేచోట పడవను ఎక్కించి దించే తలుపుల గదులు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నాటిది. 1960లు వచ్చేసరికి పడవ తిరిగే పరిస్థితి లేదు. లాకుల తలుపులు శిథిలమయ్యాయి, అడుగంతా ఊరి చెత్త. దాన్ని పూడ్చేసి చేతులు దులుపుకుందామన్న మాట గట్టిగా వినబడుతున్న రోజులవి.

అలాంటప్పుడు 1968 సెప్టెంబరులో ఒక వారాంతాన సుమారు ఆరువందల మంది స్వచ్ఛందంగా వచ్చి ఆ కాలువలోకి దిగారు. పారలు, తాళ్లు, తోపుడుబళ్లు. రెండు రోజుల్లో దాదాపు రెండువేల టన్నుల చెత్త పైకి తీశారు. దీనికి ‘ఆపరేషన్ ఆష్టన్’ అని పేరు. వెనకుండి నడిపించినవాళ్లలో గ్రహమ్ పామర్ ముఖ్యుడు. రెండేళ్ల తర్వాత, 1970లో, ‘వాటర్‌వే రికవరీ గ్రూప్’ పుట్టింది. దేశంలో ఏ మూల పాత కాలువ బాగుచెయ్యాలన్నా సెలవుల్లో వెళ్లి పనిచేసే సంఘం అది, ఇప్పటికీ ఉంది. 1972లో ఆష్టన్‌లోనే మళ్లీ పెద్దఎత్తున శ్రమదానం జరిగింది, అప్పుడు వచ్చినవాళ్లు వెయ్యిమందికి దగ్గర. 1974లో కాలువలో పడవలు తిరిగాయి.

ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఆ రెండువేల టన్నులు తీసినంత మాత్రాన కాలువ బాగుపడలేదు. లాకుల తలుపులు కొత్తవి చేయించాలి, గోడలు కట్టాలి, నీళ్లు కారిపోయేచోట కట్టుదిట్టం చెయ్యాలి. అది ఇంజనీర్ల పని, ఖజానా పని. అది జలమార్గాల బోర్డూ స్థానిక సంస్థలూ భుజానికెత్తుకోవాల్సిందే. మరి ఆ ఆరువందల మంది సాధించిందేమిటి? అదే ఏడాది పార్లమెంటులో రవాణా చట్టం నడుస్తోంది. కాలువలను మూడు తరగతులు చేశారు: సరుకుకు పనికొచ్చేవి, విహారానికి పనికొచ్చేవి, ఇక మిగిలినవి. ‘మిగిలినవాటి’కి చట్టం చెప్పిన సూత్రం ఒకటే, వీలైనంత తక్కువ ఖర్చుతో ఏదో ఒకటి చెయ్యండి. ఆష్టన్ ఆ మూడో బుట్టలో పడింది. ఆ దశలో ‘ఈ కాలువ ఎవరికీ అక్కర్లేదు’ అనేదే అధికారుల చేతిలో ఉన్న బలమైన వాదన. ఆరువందల మంది బురదలో నిలబడ్డాక ఆ వాదన చెల్లలేదు. చెత్త తియ్యడం కన్నా ఆ మాట తీసేయించడమే పెద్ద పని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, సాధారణంగా దీన్ని దాటేస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది బయటి ఊళ్లవాళ్లు, పడవలంటే ఇష్టమున్నవాళ్లు. కాలువ పక్కన కాపురముండే తల్లిదండ్రుల్లో పిల్లలు పడిపోతారని భయపడి పూడ్చెయ్యమన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం ఉత్తది కాదు. పాత కాలువల్లో పిల్లలు నిజంగానే మునిగిపోయేవారు. కాబట్టి ‘ప్రజలు కాలువను కాపాడారు’ అని రాసేటప్పుడు ఏ ప్రజలు అని ఒక్క క్షణం ఆగాలి. ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది, ఇవాళ దాన్ని వదలను.

సరే. ఆష్టన్ అడుగున ఉన్నది చెత్త. చెత్తకు చేతులు చాలు. ఇప్పుడు చేతులు చాలని చోటికి వెళ్దాం.

న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్ ప్రాంతం ఉంది కదా, అక్కడ గోవానస్ కాలువ. పొడవు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. వెడల్పు వంద అడుగులు. ఇంత చిన్న కాలువ గురించి ఇంత పెద్ద గొడవ మరెక్కడా జరిగి ఉండదనిపిస్తుంది నాకు. ఒకప్పుడది ఉప్పునీటి వాగు, చుట్టూ చిత్తడి. 1776 ఆగస్టులో, స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనల చేతిలో ఓడిన అమెరికా సేనలు ప్రాణాలు దక్కించుకోవడానికి దాటింది ఈ చిత్తడినే. 1849లో న్యూయార్క్ శాసనసభ అనుమతిస్తే, 1860ల చివరికి వాగు కాస్తా కాలువ అయింది. బ్రూక్లిన్ ఇళ్లకు కావలసిన రాయి, ఇటుక, బొగ్గు ఈ దారిన వచ్చేవి. 1933లో కాలువ మీదుగా సబ్‌వే రైలు వంతెన వేసినప్పుడు, కింద పొడవాటి తెరచాప కొయ్యలున్న ఓడలు పోవాలని స్టేషన్‌ను 87 అడుగులకు పైగా ఎత్తున కట్టారు. స్టేషన్ ఇప్పటికీ అంత ఎత్తునే ఉంది. ఓడలు లేవు.

గట్టు మీద మూడు గ్యాస్ ఫ్యాక్టరీలుండేవి. ఇప్పటి సహజవాయువు కాదు. బొగ్గును గాలి తగలకుండా కాచి తీసే గ్యాస్, వీధిదీపాలకూ ఇళ్లకూ ఇచ్చేవారు. గ్యాస్ పోయాక మిగిలేది కోల్ టార్, నల్లటి చిక్కటి తారు. కొంత అమ్ముడుపోయింది, కొంత నేలలోకి దిగింది, కొంత కాలువలోకి జారింది. అది నీటి కన్నా బరువు, కనుక పైన తేలి కొట్టుకుపోదు. అడుగుకు చేరి కూర్చుంటుంది. ఫ్యాక్టరీలు మూతపడి దశాబ్దాలైనా నేల లోపలి నుంచి ఊరుతూనే వచ్చింది. దానికి తోడు రంగులు, నూనె డిపోలు, రకరకాల రసాయనాలు. వీటికి తోడు ఊరి మురుగు. అక్కడ వాననీరూ మురుగునీరూ ఒకే గొట్టంలో పోతాయి. గట్టి వాన పడితే గొట్టం పట్టదు, కలిసి పొంగి కాలువలో పడతాయి. అడుగున పేరుకున్నదాన్ని అక్కడివాళ్లు ‘నల్ల మయొనైజ్’ అంటారు. పేరు విన్నాక ఆ పదార్థం జోలికి కొన్నాళ్లు పోలేం. (నవ్వులు)

ఇంకో చిక్కు ఉంది. ఆ కాలువకు ఒక కొస మూసుకుపోయి ఉంటుంది. సముద్రపు పోటు వచ్చి వెళ్తుంది గానీ పైకొసన ఉన్న నీరు కదలదు. దీనికి విరుగుడుగా 1911లో ఒక సొరంగం తవ్వి, పంపు పెట్టి, పక్కనున్న బటర్‌మిల్క్ చానెల్ నుంచి తాజా నీరు రప్పించారు. 1960ల్లో పంపు చెడిపోయింది. మళ్లీ నడిచింది ఎప్పుడో తెలుసా? 1999లో. ముప్ఫై ఏళ్లకు పైగా ఒక మహానగరం ఒక పంపు బాగుచేయించలేదు. ఇంజనీరింగ్ తెలియక కాదు. ఆ కాలువ పక్కన ఉండేవాళ్ల మాట ఎవరికీ వినబడలేదు, అంతే. ప్రజల పాత్ర గురించి మాట్లాడాలంటే మొదట ఆ ముప్ఫై ఏళ్ల గురించే మాట్లాడాలి.

వినబడేలా మాట్లాడినవాళ్లలో బడ్డీ స్కాటో ఒకరు. అంత్యక్రియలు జరిపించే సంస్థ నడిపే స్థానిక వ్యాపారి. దశాబ్దాల పాటు అదే పాట పాడాడు: ముందు మురుగు ఆపండి, పంపు నడపండి. 1987లో దగ్గర్లో రెడ్ హుక్ మురుగు శుద్ధి కేంద్రం పనిచెయ్యడం మొదలయ్యాక రోజువారీ మురుగు కొంత ఆగింది. 1999లో పంపు తిరిగిన ఏడాదే ‘గోవానస్ డ్రెడ్జర్స్’ అని ఒక పడవల క్లబ్బు పుట్టింది. మామూలు జనాన్ని చిన్న తెడ్డు పడవలెక్కించి కాలువలో తిప్పడం వాళ్ల పని. అదేం ఉద్యమం, అనుకోవచ్చు. నేను దాన్ని చాలా పెద్ద పనిగా చూస్తాను. అంతవరకు జనం దాన్ని వంతెన మీద నుంచి ముక్కు మూసుకుని దాటారు. పడవెక్కినవాడు మురుగు గొట్టం నోరు ఎక్కడుందో చూశాడు, గట్టు గోడ ఎక్కడ కూలిందో చూశాడు, నీటి మీద నూనె తెట్టు తేలడం చూశాడు. తర్వాత అధికారులతో మాట్లాడేటప్పుడు ఆ మనిషి ‘కాలువ బాగాలేదు’ అనడు, ‘ఫలానా వంతెన కింద తూర్పు గోడ దగ్గర’ అంటాడు. ఈ తేడా సమావేశంలో కూర్చున్న అధికారికి వెంటనే తెలుస్తుంది.

ఇక అసలు పోరు. అమెరికాలో 1980 నాటి ఒక చట్టం ఉంది, ‘సూపర్‌ఫండ్’ అంటారు. విషం పేరుకున్న చోటును కేంద్ర పర్యావరణ సంస్థ జాబితాలో చేరిస్తే, ఎవరు పాడుచేశారో వాళ్ల చేతే ఖర్చు పెట్టిస్తారు. అసలు కంపెనీ లేకపోతే దాన్ని కొన్న కంపెనీ కట్టాలి. నగరపాలక సంస్థ మురుగు వదిలితే అదీ కట్టాలి. 2009లో గోవానస్‌ను ఆ జాబితాలో పెడతామని ప్రతిపాదించారు. ఎవరు వద్దన్నారో ఊహించండి. నగర ప్రభుత్వం. ఆ ముద్ర పడితే ఇళ్లు కట్టే కంపెనీలు పారిపోతాయి, బ్యాంకులు అప్పివ్వవు, మేమే ఇంకా త్వరగా శుభ్రం చేస్తాం అన్నది వాళ్ల వాదం.

జనం? జనం రెండుగా చీలిపోయారు. ఇల్లుంది, దాని ధర పడిపోతుందని కొందరు. నలభై ఏళ్లుగా త్వరగా చేస్తామనే అంటున్నారుగా, చట్టం పట్టు లేకుండా ఎలా నమ్మాలని ఇంకొందరు. ఒకే వీధిలో రెండు రకాల పోస్టర్లు. స్కాటో కూడా నగరం వైపే మొగ్గాడు. అన్నేళ్లు కాలువ కోసం పోరాడిన మనిషి అలా అన్నాడని కొందరు నొచ్చుకున్నారు. ఆయన మోసం చేశాడని నేననుకోను. అక్కడ జనం బతకాలి, ఇళ్లు రావాలి అన్నది ఆయన మొదటి నుంచీ కన్న కల. ఒక ఊరి కోసం ఒకేలా తపించిన ఇద్దరు కూడా దారి దగ్గర విడిపోతారు. ‘సముదాయం’ అనే మాటను ఏకవచనంలో వాడేవాళ్లను చూస్తే నాకు అనుమానం అందుకే. చివరికి 2010 మార్చి 2న గోవానస్ జాబితాలో చేరింది. ఇళ్లు కట్టడానికొచ్చిన ఒక పెద్ద సంస్థ నిజంగానే వెళ్లిపోయింది. భయపడ్డవాళ్లు భయపడింది జరిగింది కూడా. తర్వాత పదేళ్లకు అంతకు ఎన్నో రెట్లు ఇళ్లకు దారి తెరుచుకుంది, అది వేరే సంగతి. ఆ సంగతికీ వస్తాను.

జాబితాలో చేరాక ‘కమ్యూనిటీ అడ్వైజరీ గ్రూప్’ అని పౌరుల సలహా బృందం ఏర్పడింది. ఇళ్లవాళ్లు, వ్యాపారులు, పర్యావరణ సంఘాలవాళ్లు, ప్రభుత్వ అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు. వీళ్లు క్రమం తప్పకుండా కలిశారు. కలవడం గొప్ప కాదు, ఏళ్ల తరబడి కలవడం గొప్ప. సాయంత్రం పనైపోయి, పిల్లలకు అన్నం పెట్టి, వచ్చి కూర్చుని, అడుగున పేరుకున్న బురద లోతు గురించి వందల పేజీల నివేదికలు చదవడం మాటలు కాదు. ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటొకటి ఇక్కడ చెప్పాలి. 1986 సవరణ తర్వాత, ఇలాంటి చోట్ల పౌర సంఘాలు తమకంటూ సొంత సాంకేతిక సలహాదారును పెట్టుకోవడానికి ప్రభుత్వమే గ్రాంటు ఇస్తుంది, మొదట 50,000 డాలర్ల దాకా. అంటే అధికారుల నిపుణుడు చెప్పేది విని తలాడించాల్సిన పని లేదు. ఆ నివేదిక మీకు విప్పి చెప్పే మనిషి మీ పక్కన కూర్చుంటాడు. ఎన్ని దేశాల్లో ఎన్ని ‘ప్రజాభిప్రాయ సేకరణ’లు జరుగుతున్నాయి! జనం చేతికి అర్థం కాని కాగితం ఇచ్చి, అభిప్రాయం చెప్పమని, చెప్పలేకపోతే ‘అభ్యంతరాలు లేవు’ అని రాసుకోవడం. ఆ గ్రాంటు లాంటిది లేకుండా ప్రజల భాగస్వామ్యం అంటే నాకు నమ్మకం కుదరదు.

దాని ఫలితం ఒకటి చెబుతాను. శుద్ధి ప్రణాళిక ముసాయిదాలో ఒక ఆలోచన ఉండింది. తక్కువ విషమున్న బురదను సిమెంటు లాంటిదాంతో గట్టిపరిచి, పక్కనున్న రెడ్ హుక్‌లో నీటి ఒడ్డున కట్టుదిట్టంగా నింపేద్దామని. ఖర్చు తగ్గుతుంది. ఇంజనీరింగ్ ప్రకారం కుదరని పనేం కాదు. రెడ్ హుక్ జనం వద్దన్నారు. మా పక్కింటి బురద మా గుమ్మంలో ఎందుకు? అభ్యంతరాలు వెల్లువెత్తాయి. 2013 సెప్టెంబరులో తుది నిర్ణయపత్రం వచ్చేసరికి ఆ ఆలోచన లేదు. మొత్తం ఖర్చు అంచనా 50.6 కోట్ల డాలర్లు. అందులో ముఖ్యమైన పనులు: మెత్తటి బురద తవ్వి తియ్యాలి. అడుగున ఇంకా లోతుగా దిగిన తారు పైకి రాకుండా పొరలు పరచాలి, ఒక పొర తారును పీల్చుకోవడానికి, దాని మీద ఇసుక, ఆపైన కొట్టుకుపోకుండా రాయి. వాన పడ్డప్పుడు పొంగే మురుగు ఆపడానికి రెండు భూగర్భ ట్యాంకులు, ఒకటి మూడు కోట్ల లీటర్లది, ఇంకోటి కోటిన్నర లీటర్లది. ట్యాంకులు ఎందుకంటే, పైనుంచి మురుగు పడుతుంటే కింద శుభ్రం చేసి లాభం లేదు. ఇంత తేలిగ్గా కనిపించే మాటను ఒప్పించడానికే ఏళ్లు పట్టింది. నగరానికి ఆ ట్యాంకుల ఖర్చంటే భయం మరి.

అసలు పూడికతీత మొదలైంది 2020 నవంబరులో. జాబితాలో చేరిన పదేళ్లకు. స్కాటో అదే ఏడాది కన్నుమూశాడు.

ఇక మూడో రకం సమస్య. కాలువ బాగుపడుతుందని తెలియగానే గట్టు మీది నేలకు రెక్కలొస్తాయి. 2021 నవంబరులో నగర మండలి గోవానస్ చుట్టూ 82 బ్లాకుల భూవినియోగ నిబంధనలు మార్చింది. గిడ్డంగులున్న చోట అపార్టుమెంట్లు రావచ్చు. సుమారు 8,500 ఇళ్లు, అందులో 3,000 దాకా తక్కువ ఆదాయం వాళ్లకు అందేలా అని లెక్క. మళ్లీ జనం చీలారు. ‘వాయిస్ ఆఫ్ గోవానస్’ అనే సంఘం మొత్తంగానే వద్దంది, కోర్టుకెళ్లింది. వరద వచ్చే చోట, ఇంకా విషం తియ్యని నేల మీద ఇన్ని ఇళ్లా అన్నది వాళ్ల ప్రశ్న. 2012లో శాండీ తుఫానుకు కాలువ పొంగి ఇళ్లలోకి వచ్చింది కదా, ప్రశ్న న్యాయమైనదే.

ఇంకో కూటమి, ‘గోవానస్ నైబర్‌హుడ్ కోయలిషన్ ఫర్ జస్టిస్’, వేరే దారి పట్టింది. కాలువకు దగ్గర్లోనే గోవానస్ హౌసెస్, వైకాఫ్ గార్డెన్స్ అని ప్రభుత్వ అద్దె ఇళ్ల సముదాయాలున్నాయి. కారే కప్పులు, బూజు పట్టిన గోడలు, పనిచెయ్యని హీటర్లు. కొత్త ఇళ్లు కడతారా, కట్టండి, ముందు పాత ఇళ్లు బాగుచెయ్యండి, లేకపోతే మా మద్దతు లేదు అన్నారు వాళ్లు. మెడ మీద కత్తి పెట్టినట్టే. ఓటింగుకు ముందు నగరం ఆ రెండు సముదాయాల మరమ్మతులకు 20 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. ఒప్పుకున్నవి అమలవుతున్నాయా లేదా చూడటానికి ఒక పర్యవేక్షణ బృందం కూడా వేయించుకున్నారు. నన్నడిగితే మొత్తం గోవానస్ కథలో అత్యంత తెలివైన పని ఇది. బేరమాడటానికి బలం ఎప్పుడుంటుందో వాళ్లకు తెలుసు. ఓటు పడకముందు. పడ్డాక ఎవరూ ఫోన్ ఎత్తరు.

కాలువ బాగుపడితే గట్టు మీదివాళ్లకేమవుతుందో కెనడాలోని మాంట్రియల్ ఇంకో రకంగా చెబుతుంది. లాషీన్ కాలువ, 1825లో తెరిచారు. ఐరిష్ కూలీలు తవ్వారు, 1840ల్లో వెడల్పు చేసేటప్పుడు కూలి తక్కువిచ్చారని సమ్మె కూడా చేశారు. కెనడా పరిశ్రమలకు పుట్టిల్లు అది. 1959లో సెయింట్ లారెన్స్ సముద్రమార్గం రాగానే ఓడలు అటు మళ్లాయి, 1970లో మూసేశారు. ఒడ్డున సైకిల్ బాట వేశారు, 2002లో విహార పడవలకు తిరిగి తెరిచారు. అడుగున విషపు బురద ఉంది, దాన్ని చాలావరకు కదపకుండా వదిలేశారు. అందుకే అక్కడ పడవ గంటకు పది కిలోమీటర్లు దాటకూడదు. ఈతకు దిగకూడదు. చూడ్డానికి మాత్రం పోస్టుకార్డు. పాత చక్కెర ఫ్యాక్టరీ ఖరీదైన ఇళ్లయింది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసిన కుటుంబాలు ఉండే పేటల్లో అద్దెలు పెరిగాయి. అడుగున ఉన్నది కదలలేదు, గట్టు మీద ఉన్నవాళ్లు కదలాల్సి వచ్చింది.

అయితే పాయింట్ సెయింట్ చార్లెస్ అనే పేట మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. 1968 నుంచి అక్కడ పౌరులే నడుపుకునే ఆరోగ్య కేంద్రం ఉంది, అలాంటి గట్టి పునాది ఉన్న పేట. 2005లో కాలువ ముఖద్వారం దగ్గరకు పెద్ద క్యాసినో తెస్తామంటే ఆ పేట సంఘాలు అడ్డం తిరిగాయి. జూదం అంటే పేద పేటలో ఏమవుతుందో నగర ప్రజారోగ్య విభాగం కూడా హెచ్చరించింది. 2006లో ప్రతిపాదన వెనక్కి పోయింది. కాలువ పునరుద్ధరణలో ‘వద్దు’ అనడం కూడా భాగస్వామ్యమే. ఈ ఒక్కటీ మన కరపత్రాల్లో ఎప్పుడూ కనబడదు. (చప్పట్లు)

లోవెల్ గురించి కాసేపు మాట్లాడాలనుకున్నాను, టైము తక్కువ, రెండు ముక్కలు చెబుతాను. అమెరికాలోని మసాచుసెట్స్‌లో నూలుమిల్లుల ఊరు, దాదాపు తొమ్మిది కిలోమీటర్ల కాలువలు మిల్లు చక్రాలు తిప్పడానికి తవ్వినవి. మిల్లులు పోయాక ఊరికి తన కాలువలంటే సిగ్గేసింది, పూడ్చేద్దామన్నారు. పాట్రిక్ మోగన్ అనే బడిపంతులు, తర్వాత విద్యాశాఖ అధికారి అయ్యాడు, ఆయన అడ్డుపడ్డాడు. మిల్లు కార్మికుల పిల్లలకు వాళ్ల అమ్మానాన్నల పనే పాఠం కావాలి, ఊరంతా బడి కావాలి అన్నాడు. 1978లో అది జాతీయ చారిత్రక పార్కు అయింది. అక్కడ పని పారలతో మొదలవలేదు, కోర్టుతోనూ మొదలవలేదు. ఊరి చరిత్రనే పాఠం చెయ్యాలన్న ఆలోచనతో మొదలైంది. అడుగున ఏముందో తెలియాలన్నాను కదా, లోవెల్ అడుగున ఉన్నది ప్రధానంగా ఆ సిగ్గు.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకావిడ: నమస్కారమండీ. పదేళ్లు, ఇరవయ్యేళ్లు పట్టే పనిలో జనం అన్నాళ్లు ఎలా నిలబడతారు? మేం ఒక చెరువు సంఘం పెడితే ఏడాదికే పదిమంది మిగిలాం.)

పదిమంది మిగిలారా, చాలామందే అమ్మా! (నవ్వులు) నిజంగానే అంటున్నాను. ఎక్కడైనా అంతే మిగులుతారు. గోవానస్‌లో నేను గమనించింది, ఎదురుచూసే కాలంలో చెయ్యడానికి చిన్న పనులు పెట్టుకున్నారు. 2006లో ‘గోవానస్ కెనాల్ కన్జర్వెన్సీ’ అని ఒక సంస్థ మొదలైంది. వీధి పక్కన వాననీరు ఇంకే చిన్న మడులున్నాయి, వాటిలో మొక్కలు నాటడం, చెత్త తియ్యడం, కలుపు తియ్యడం స్వచ్ఛంద సేవకులతో చేయిస్తారు. 2016లో ఒక వీధి కొసన ‘స్పాంజ్ పార్క్’ తెరిచారు, వీధి మీది వాననీరు తిన్నగా కాలువలో పడకుండా మొక్కల మడుల్లో ఇంకేలా. కాలువ లోపలి తారుతో పోలిస్తే అది చిన్న విషయం, ఒప్పుకుంటాను. కానీ శనివారం పొద్దున వచ్చి కలుపు తీసే మనిషికి కాలువతో సంబంధం తెగదు. మంగళవారం సమావేశానికి పిలిస్తే వస్తాడు. సమావేశాలొక్కటే పెడితే మాత్రం మాట్లాడేవాళ్లే మిగులుతారు, నాలాంటివాళ్లు.

(వెనక వరుసలోంచి ఒక యువకుడు: సార్, ఇంత ఖర్చు పెట్టారు కదా, ఇప్పుడక్కడ చేపలు పట్టి తినొచ్చా?)

వద్దు నాయనా. పర్యావరణ సంస్థ ప్రమాదం అంచనా కట్టినప్పుడు చూసినవాటిలో అదొకటి, ఆ నీటిలో పట్టిన చేపలు, పీతలు తినేవాళ్లకు ఏమవుతుందని. అలా తినేవాళ్లున్నారు కాబట్టే లెక్కలోకి తీసుకున్నారు. బోర్డు పెట్టినంత మాత్రాన గాలం వేసేవాడు ఆగడు, ఆ చేప అతనికి ఆ పూట కూర కావచ్చు. నా మటుకు నాకు, పౌరుల బృందాల్లో తక్కువగా కనబడేది అతనే. సాయంత్రం ఏడింటికి స్కూలు హాల్లో పెట్టే సమావేశానికి అతను రాడు. రమ్మనీ ఎవరూ పిలవరు. ఒక సమావేశం పొద్దున్నే, గట్టు మీదే, గాలాలు వేసుకుని కూర్చునేచోట పెట్టి చూడాలి. కుర్చీలు, మైకు అక్కర్లేదు, అతని భాష తెలిసిన మనిషి ఒకరుంటే చాలు. నీళ్లలో ఏం పడుతుందో, ఏ నెలలో వాసన ఎక్కువో, ఏ గొట్టంలోంచి ఎప్పుడు నురగ వస్తుందో నమూనాలు తీసేవాళ్ల కన్నా ముందు అతనే చెబుతాడు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మిగతావి బయట వరండాలో మాట్లాడుకుందాం. నమస్కారం.